జాజు గీత దాటిన మచ్చ

పాప పుట్టిన పద్దెనిమిదో రోజున నా ఎడమ పిక్క వాచింది. బాలింతకి కాళ్ళు వాయడం మామూలేనని అమ్మ అంది. కాని ఒక్క కాలే వాచింది. రెండో కాలు దానితో సంబంధం లేనట్టు ఎప్పటిలా సన్నగా పక్కనే ఉంది. నారాయణగూడలో నాకు పురుడు పోసిన ఆస్పత్రికే వెళ్ళాం. కాలి మీద జెల్లీ రాసి స్కానింగ్ చేసిన డాక్టరమ్మ తెర నావైపు తిప్పి, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిన చోటు చూపించింది. కాన్పు తర్వాత కొందరికి అలా అవుతుందట. ఆ గడ్డలో ముక్క తెగి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి రక్తం పలచబడే మందులు ఆ రోజే మొదలుపెట్టాలంది.

మందులు రెండు. పొద్దునా సాయంత్రం పొట్ట మీద చర్మాన్ని వేళ్ళతో మడిచి పట్టుకుని పొడిచే ఇంజక్షన్ ఒకటి. రోజూ భోజనం తర్వాత వేసుకునే చిన్న గోళీ ఒకటి. ఇంజక్షన్ వెంటనే పనిచేస్తుంది, గోళీకి కొన్ని రోజులు పడుతుంది. రక్తపరీక్ష చూసి నేను చెప్పేదాకా రెండూ వాడాలి, ఏదీ ఆపొద్దు అని ఆమె రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను.

డిగ్రీలో నాది బయోకెమిస్ట్రీ. రక్తం గడ్డ కట్టే విధానం మాకు తప్పకుండా వచ్చే ప్రశ్న. ఒకదాన్ని ఒకటి తట్టిలేపే పదార్థాలని అంకెలతో, బాణాలతో పేజీ నిండా బొమ్మ వెయ్యాలి. నేను ఆ బొమ్మ కళ్ళు మూసుకుని వేసేదాన్ని. అందుకే నాకు తెలుసనుకున్నాను.

మా కిరాయి ఇల్లు అశోక్‌నగర్‌లో, కోచింగ్ పిల్లల హాస్టళ్ళ మధ్య. పురిటికి నేనున్నది చిక్కడపల్లిలో అమ్మ దగ్గర. మా ఆయన ఆఫీసుకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అశోక్‌నగర్ నుంచి బండి మీద వచ్చి ఇంజక్షన్ ఇచ్చేవాడు. సిస్టర్ దగ్గర నేర్చుకున్నాడు. 'వన్, టూ' అని లెక్కపెట్టి 'త్రీ' అనకుండానే పొడిచేవాడు.

"త్రీ ఏది?" అని అడిగాను మొదటి రోజు.

"త్రీ అంటే నువ్వు బిగుసుకుంటవ్. త్రీ నా దగ్గరే ఉండనియ్."

మూడో రోజుకి నా పొట్ట నిండా మచ్చలు లేచాయి. కొత్తవి వంకాయ రంగులో ఉన్నాయి, మొదటివి అంచుల్లో పచ్చబడుతున్నాయి. ఇంజక్షన్ చోట కమిలిపోవడం మామూలేనని సిస్టర్ ముందే చెప్పింది. అయినా స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. పైకే ఇంత కనిపిస్తుంటే లోపల ఎంత కారుతోందో అనుకున్నాను. రెండు మందులు కలిసి నా రక్తాన్ని నీళ్ళు చేసేస్తున్నాయని, ఆ మందు పాలల్లోకి దిగుతోందని, పాప తాగుతోందని భయపడ్డాను. ఆ పొద్దున పాప చెవి దగ్గర ఎర్రటి గీత ఒకటి కనిపించింది. అది తన గోరు తనే గీరుకున్న గీత. ఆ రోజు నా కళ్ళకి అలా కనిపించలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి, "డాక్టరమ్మకి ఫోన్ చేసిన, ఇంజక్షన్ ఇగ చాలన్నది, గోళీ ఒకటి వేసుకుంటే సరిపోతదట" అని చెప్పాను.

నేను ఫోన్ చెయ్యలేదు. అడిగితే ఆపొద్దంటుందని తెలుసు కాబట్టే చెయ్యలేదు. ఆయన మిగిలిన ఇంజక్షన్లు ఫ్రిజ్ పైన డబ్బాలో పెట్టేశాడు. ఇక పొడవక్కరలేదని ఆయన ముఖంలో తేలిక కనిపించింది. గోళీ మాత్రం నేను ఒక్కపూట కూడా మానలేదు.

మందులు మొదలైన ఐదో రోజు పొద్దున పాపకి పాలిస్తుంటే ఎడమ రొమ్ము నొప్పి పెట్టింది. పాలు పట్టే చోట కాదు, పక్కన, చంక వైపు కింద. మధ్యాహ్నానికి అక్కడ చర్మం ఎర్రబడి గట్టిపడింది. జాకెట్ తగిలినా ఓర్చుకోలేకపోయాను. పాలు కట్టాయేమోనని అమ్మ వేడి గుడ్డతో కాపడం పెట్టబోతే నేను చెయ్యి తోసేశాను. కానుపు నొప్పులకి కూడా అలా తోసెయ్యలేదు. అమ్మ దగ్గరికి వంగి చూసింది.

"ఇది పాల గడ్డ కాదే. సర్పి లెక్కుంది."

సర్పి అంటే నడుము చుట్టో రొమ్ము కిందో పట్టీలా లేచే మంట పొక్కులు. అది పాములా చుట్టుకుంటూ పోతుందని, తలా తోకా కలిస్తే మనిషి దక్కదని మా ఇళ్ళల్లో భయం. దానికి మందు జాజు, గడపలకి పూసే ఎర్రమన్ను. చిక్కడపల్లిలో మా గల్లీవాళ్ళకి సర్పి వస్తే లోయర్ ట్యాంక్ బండ్ దారిలో కుండలమ్మే కుమ్మరి అవ్వని పిలుస్తారు. మా నాన్నకి కూడా ఒకసారి ఆమే పూసిందట, తగ్గిందట.

సాయంత్రం అవ్వ చిన్న ముంతలో తడిపిన జాజు పట్టుకుని వచ్చింది. మంచం పక్కన కింద కూర్చుని నా రొమ్ముని కుండ పగులు చూసినట్టు అటూ ఇటూ తలవంచి చూసింది.

"ఎప్పటిసంది?"

"పొద్దుగాల్నుంచి, అవ్వా."

"పొక్కులు లేవలే గద."

"ఇంక లేస్తయేమో," అంది అమ్మ.

"లేస్తయ్. సర్పి ముందుగాల మంట పెడ్తది, ఎనక మొఖం సూపిస్తది. జర సిగ్గు దానికి."

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, నొప్పిలోనే. అవ్వ చూపుడువేలు ముంచి ముందు ఎర్రదనం బయట, అంచు పొడుగునా ఒక గీత గీసింది. మొండికేసిన పిల్లకి చెప్పినట్టు, "ఇగో, గిది దాటకు" అని ఆ మచ్చకి చెప్పింది. తర్వాత లోపలంతా జాజు మెత్తగా పూసింది. చల్లగా తగిలేసరికి ఏడుపొచ్చింది. అంత హాయిగా ఉంది. గడ్డ కట్టే బొమ్మ కళ్ళు మూసుకుని వేసిన నేను, బాలింత మంచం మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఎర్రమన్ను పూయించుకున్నాను. ఆ రోజు గోళీ కూడా వేసుకున్నాను.

తెల్లారి చూస్తే జాజు ఎండి నెర్రెలిచ్చింది. ఎరుపు గీతని దాటేసి చంక వైపు రెండు వేళ్ళ వెడల్పు ముందుకి పోయింది. నెర్రెల మధ్య నల్లగా కనిపించింది.

"జాజు ఎండితే నల్లగనే అయితది," అంది అమ్మ. కాని ఆమె గొంతులో నమ్మకం లేదు.

నేను దూదిని తడిపి మెల్లగా తుడిచాను. ఎరుపు వచ్చేసింది. నలుపు రాలేదు. మధ్యలో వేలితో తాకాను. నిన్న గుడ్డ తగిలితేనే ప్రాణం పోయిన చోట ఇప్పుడు ఏమీ తెలియలేదు. నొప్పి లేదు. నా వేలు నాకు తెలిసింది, నా చర్మం తెలియలేదు. నొప్పి కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అమ్మ పాపని ఎత్తుకుంది, ఆటోలో నారాయణగూడ వెళ్ళాం. మా ఆయన అశోక్‌నగర్ నుంచి నేరుగా వచ్చి మాకంటే ముందే ఆస్పత్రి మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

సిస్టర్ సెలైన్‌తో కడగడం మొదలుపెట్టగానే ట్రేలో నీళ్ళు ఎర్రగా అయ్యాయి. ఆమె రక్తమనుకుని చెయ్యి ఆపేసింది. "మన్నమ్మా, జాజు," అంది అమ్మ, నేలకేసి చూస్తూ. డాక్టరమ్మ మొత్తం కడిగించింది. అంతా పోయాక నాకూ కనిపించింది. రస్కు ముక్కంత మేర బొగ్గులా నలుపు, దాని చుట్టూ ఊదా, ఆ చుట్టూ ఎరుపు. కింది అంచున మాత్రం అవ్వ గీత ఇంకా సన్నగా మిగిలి ఉంది.

"ఈ గీత ఎప్పుడు గీసిన్రు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నిన్న సాయంత్రం," అన్నాను.

"అప్పుడు ఎరుపు దీని లోపలే ఉండెనా?"

"లోపలే ఉండె."

ఆమె జేబులోంచి పెన్ను తీసి ఇప్పటి అంచు వెంట కొత్త గీత గీసి, పక్కన టైము రాసింది. "మేము కూడా ఇట్లనే గీస్తం. గీసినోళ్ళు మంచి పని చేసిన్రు. పూసుడే చెయ్యొద్దుండె. రంగు కనబడితే నిన్ననే వస్తుంటిరి." తర్వాత మామూలుగా అడిగింది. "ఇంజక్షన్ రెండు పూటలా నడుస్తుందా?"

గదిలో మా ఆయన ఉన్నాడు. ఆయనే జవాబు చెప్పాడు. "మీరు ఆపమన్నరు కద మేడమ్, ఫోన్‌ల."

డాక్టరమ్మ నావైపు చూసింది. ఆయన కూడా చూశాడు. అమ్మ ఒళ్ళో పాప తుమ్మింది.

"నేను ఫోన్ చెయ్యలే," అన్నాను. "నాకు భయమైంది. నేనే ఆపిన."

ఆమె నన్ను తిట్టలేదు. కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుంది. ఆమె చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది.

"చూడమ్మా. రక్తంల గడ్డ కట్టించేటోళ్ళుంటరు. ఎక్కువ కట్టకుండ కాపలా కాసేటోళ్ళుంటరు. ఈ గోళీ ఇద్దర్నీ తగ్గిస్తది. కాని కాపలా వాళ్ళు ముందుగాల పోతరు. కట్టించేటోళ్ళు నిమ్మళంగ, నాలుగైదు దినాలకు పోతరు. ఆ నడుమ దినాలల్ల కాపలా ఉండదు, కట్టించేటోళ్ళేమో ఇంట్లనే ఉంటరు. అప్పుడు రక్తం పలచబడుడు కాదు, ఇంకింత గడ్డ కడ్తది. చర్మం కింద సన్నటి నాళాలల్ల, కొవ్వు ఎక్కువున్న జాగల. రొమ్ము, తొడ. ఆ దినాలు దాటించనీకే ఇంజక్షన్. ఇది చానా తక్కువ మందికి అయితది. నీకు పుట్టుకతోనే కాపలా తక్కువుండొచ్చు."

అప్పుడు నాకు మా పుస్తకం గుర్తొచ్చింది. రెండు, ఏడు, తొమ్మిది, పది: కాలేయంలో విటమిన్ కె సాయంతో తయారై గడ్డ కట్టించే నాలుగు అంకెలు. అవి నాకు నోటికొచ్చు. వాటి కింద చిన్న అక్షరాల్లో ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ అని మరో రెండు ఉండేవి, గడ్డ ఆపేవి. అవి పరీక్షలో రావని నేను చదవకుండా వదిలేశాను. పలచన చేసే మందు వేసుకుంటే రక్తం మొదట చిక్కబడుతుందని, అది నా చర్మం కింద రెండు రోజులుగా జరుగుతోందని తెలిసినప్పుడు భయం కన్నా ముందు ఇంకేదో కలిగింది. గుడి గోపురం కింద నిలబడి తలెత్తినప్పుడు కలిగేలాంటిది. ఇరవై ఆరేళ్ళుగా నాకు చెప్పకుండా ఇంత తూకం ఎవరు పట్టారు? నేను అన్నం తింటున్నప్పుడు, బస్సు కోసం పరుగెత్తుతున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు కూడా గడ్డ కట్టించేవాళ్ళూ ఆపేవాళ్ళూ క్షణం తేడా రాకుండా పనిచేశారు. మూడు రోజులు నేను చెయ్యి పెట్టాను. ఇదిగో, ఇంత నలుపు.

"రొమ్ము తీసేస్తరా?" అని అడిగాను.

"తీసేసుడు కాదు. నల్లగైన చర్మం ఎంత లోతు పోయిందో ఇప్పుడు తెల్వదు. లోతుగ పోతే కోసి, తొడ మీది చర్మం తెచ్చి వెయ్యాలె. పైపైన ఉంటే అదే మానుతది. చూడాలె."

నన్ను ఆస్పత్రిలో చేర్చుకుని గోళీ ఆపేశారు. విటమిన్ కె ఇచ్చారు. ఇంజక్షన్ మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత ప్లాస్మా ఎక్కించారు, కాపలావాళ్ళు అందులో ఉంటారని. అది పలచని తేనె రంగులో ఉంది. ఎవరిదో రక్తంలోంచి ఎరుపు వేరుచేస్తే మిగిలిన నీరు. ఆ సంచి చుక్క చుక్కగా ఖాళీ అవుతుంటే నేను కన్ను తిప్పలేకపోయాను. ఎవరో ఒక మనిషి ఎప్పుడో చెయ్యి చాపి పడుకుని ఇచ్చి, ఒక టీ తాగి వెళ్ళిపోయి ఉంటారు. నా రొమ్ముకి కాపలా వాళ్ళ ఒంట్లోంచి వచ్చిందని వాళ్ళకి ఎప్పటికీ తెలియదు. నేను రోడ్డు మీద ఎదురుపడినా గుర్తుపట్టలేను.

మా ఆయన ఆ రోజంతా నాతో అవసరానికే మాట్లాడాడు. సాయంత్రం ఇంజక్షన్ టైముకి, సిస్టర్ ఉన్నా కూడా, తనే ఇస్తానన్నాడు. వన్, టూ అన్నాడు. ఆగాడు. త్రీ అని పొడిచాడు.

"ఇగ నుంచి మొత్తం చెప్త," అన్నాడు. "నువ్వు కూడ చెప్పు."

సరేనన్నాను. ఆయన సూది తీసేశాక కూడా చర్మం మడత పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు.

మర్నాడు ఎరుపు డాక్టరమ్మ గీసిన గీత దగ్గరే ఆగి ఉంది. ఆ తర్వాత రోజూ అక్కడే. ఊదా రంగు కొంచెం వెనక్కి తగ్గింది. కాని నలుపు నలుపుగానే ఉండిపోయింది. లోతెంతో ఎవరూ చెప్పలేదు. పాపని కుడివైపు మాత్రమే పట్టమన్నారు. మందు వల్ల పాలకి ఏమీ కాదని, పుండు దగ్గర పాప నోరు, చేతులు తగలకూడదనే ఆ జాగ్రత్త అని చెప్పారు. ఎడమవైపు పాలు మెల్లగా చేత్తో పిండి తియ్యాలి, లేకపోతే ఆగిపోతాయి.

నేను మొత్తంలో దేన్ని చూసి ఎక్కువ ఆశ్చర్యపోయానంటే, ఆ పాలని చూసి. పాప కుడివైపు తాగడం మొదలుపెట్టగానే ఎడమవైపు కూడా చేపు వచ్చి పాలు దిగేవి. పక్కనే అరచేతి దూరంలో చర్మం చచ్చిపోయి ఉంది. దాని కింద, దానితో పని లేనట్టు, పాలు తయారవుతున్నాయి. ఒకసారి డ్రెస్సింగ్ మారుస్తుంటే పక్క గదిలో పాప ఏడ్చింది. కట్టు విప్పిన రొమ్ములోంచి పాలు సిస్టర్ గ్లవుజు మీద కారాయి. నేను సిగ్గుపడి తుడవబోయాను.

"ఉండనియ్ అక్కా," అంది సిస్టర్. "దానికి పుండు సంగతి తెల్వదు."

ఇప్పుడు పాప నా పక్కన పడుకుని ఉంది. ఇది రాస్తూ కూడా ఆ మాట దగ్గర పెన్ను ఆగింది. నా ఒంట్లో ఒక చోట జరిగేది ఇంకో చోటికి తెలియకుండా, అందరూ ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు. నేనొక్కదాన్నే అన్నీ తెలిసినట్టు తిరుగుతున్నాను.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి అవ్వ వచ్చింది. అమ్మకి ఆమె మీద కోపం లేదు, తన మీదే ఉంది. అందుకే ఆమెకి చాయ్ ఇచ్చి దూరంగా కూర్చుంది. అవ్వ అంతా విని చాయ్ ముగించింది.

"నాకు తప్పు తోచింది బిడ్డా. గీత దాటిందంటే గది సర్పి కాదని అప్పుడే ఎరుక కావాలె. సర్పి నా జాజు దాటదు."

"అంటే నీ మందుదేం తప్పు లేదన్నట్టు," అంది అమ్మ.

"మందుది ఏముంది? రోగం పేరు తప్పు చెప్పింది నువ్వే గద."

అమ్మకి కోపం రావాల్సింది. చాలా రోజుల తర్వాత నోరారా నవ్వింది.

మూడు వారాలు దవాఖానకి రోజు విడిచి రోజు వెళ్ళాం. నలుపు గట్టిపడి బెరడులా అయింది. ఒక రోజు దాని అంచు ఒక వైపు లేచింది. ఆ కింద ఎముకో, గుంతో కనిపిస్తుందనుకున్నాను. తడిగా, దానిమ్మ గింజ రంగులో కండ కనిపించింది. డాక్టరమ్మ టార్చి వేసి చాలాసేపు చూసి, కాగితం స్కేలుతో కొలిచింది.

"పైపైన్నే ఉంది. కొయ్యాల్సిన పని లేదు," అంది.

ఆ తర్వాత ప్రతి డ్రెస్సింగుకీ అంచుల్లోంచి లోపలికి గులాబీ రంగు జరిగేది. సిస్టర్ కొలిచి రాసేది: మొన్నటికన్నా ఒక గీత ముందుకి, రెండు గీతలు ముందుకి. చుట్టూ ఉన్న చర్మం, ఎవరూ పిలవకుండానే, ఖాళీ అయిన చోటుకి నడుచుకుంటూ వస్తోంది. అన్ని వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలుసుకుంది. ఆ కలుసుకున్న రోజు నేను చూశాను. దాని పేరు, విధానం పుస్తకంలో ఉండే ఉంటాయి. ఈసారి వెతకలేదు.

నాకు ఇక ఆ గోళీ ఎప్పటికీ వాడొద్దని ఫైలు మీద ఎర్ర అక్షరాలతో రాశారు. ఇంజక్షనే కొన్ని నెలలు నడిచింది. కాపలా ప్రొటీన్ పరీక్షలో నాకు తక్కువే వచ్చింది. పాపకి కూడా ఉండొచ్చు, పెద్దయ్యాక చేయిద్దామన్నారు. ఆ మాట నాలో రోజూ తిరుగుతూనే ఉంటుంది. ఆ కాగితం మందుల డబ్బాలో అందరికీ కనిపించేలా పెట్టాను.

పాపకి మూడో నెల వచ్చాక డాక్టరమ్మ ఇక ఎడమవైపు కూడా పట్టొచ్చంది. ఇన్నాళ్ళూ పిండి పిండి పాలు నిలబెట్టుకున్నాను, కాని పాప ఆ పక్క వాసన కూడా మర్చిపోయింది. మొదటి రోజు ముఖం తిప్పుకుంది. రెండో రోజు కాళ్ళతో తన్ని ఏడ్చింది.

"దానికి కుడి పక్కనే ఇల్లు," అంది అమ్మ. "పక్కింటికి రమ్మంటే ఊకె వస్తదా? బలవంతం చెయ్యకు."

నేను చెయ్యలేదు. ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. ఆ పక్క ఎప్పటికీ తాగకపోయినా పాప పెరుగుతుందని తెలుసు. అయినా నాకది కావాలి. నేను పాడు చేసుకున్నది అది.

నాలుగో రోజు సాయంత్రం, కింద గల్లీలో కూరగాయల బండివాడు అరుస్తుంటే పాప అటు తల తిప్పి విని, మళ్ళీ ఇటు తిప్పింది. అలా తిప్పిన ఊపులోనే నోటికి ఎడమ రొమ్ము దొరికింది. ఒకసారి వదిలి ముఖం చిట్లించి నన్ను చూసింది. మళ్ళీ పట్టుకుంది. నేను కదల్లేదు. ఆ కొత్త చర్మం ఇంకా పలచగా, మెరుస్తూ, పాప బుగ్గ పక్కన ఉంది. కింద చేపు వస్తున్నట్టు తెలిసింది, సూదులు గుచ్చినట్టు, తర్వాత వెచ్చగా. పాప ఆగి, గుటక వేసింది.

అమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "తాగుతుందా?" అని నెమ్మదిగా అడిగింది.

ఇంకో గుటక, ఇంకోటి. ఆమెకీ వినిపించి ఉంటుంది. లోపలికి రాలేదు. తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయింది. ఆ చిన్న గొంతు కదలడం చూస్తూ, కాలు తిమ్మిరెక్కినా, నేను అలాగే కూర్చున్నాను.